చలికాలంలో హమ్మింగ్‌బర్డ్ ఎక్కడికి పోతుంది?

సెప్టెంబరు గడిచి అక్టోబరు వచ్చేసరికి అమెరికా తూర్పు రాష్ట్రాల పెరళ్లలో, కెనడా దక్షిణ ప్రాంతపు తోటల్లో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. వేసవంతా చక్కెర నీళ్ల సీసా చుట్టూ ఝుమ్మని తిరిగిన హమ్మింగ్‌బర్డ్ ఒకరోజు ఉదయం రాదు. మర్నాడూ రాదు. కొంగల్లాగా, బాతుల్లాగా ఆకాశంలో బారులు తీరి వెళ్లడం ఎవరికీ కనిపించదు. నిన్న ఉంది, ఇవాళ లేదు, అంతే. మళ్లీ ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో అదే పెరట్లో, చాలాసార్లు అదే సీసా దగ్గర ప్రత్యక్షమవుతుంది.

మధ్యలో ఈ ఆరేడు నెలలు అది ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్నకు మనుషులు చాలాకాలంగా రకరకాల జవాబులు చెప్పుకున్నారు. 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సాహగున్ అనే స్పెయిన్ మతాచార్యుడు మెక్సికో స్థానికుల సహాయంతో ఒక పెద్ద గ్రంథం కూర్చాడు. చలికాలంలో ఈ పిట్ట ముక్కును చెట్టుకు గుచ్చి వేలాడుతూ ముడుచుకుపోతుందని, ఈకలు రాల్చుకుంటుందని, వానాకాలపు ఉరుములకు మళ్లీ మేలుకుంటుందని అందులో ఉంది. ఉత్తర అమెరికాలో మరో కథ ప్రచారంలో ఉంది. వలస వెళ్లే పెద్దబాతుల వీపుల మీద ఎక్కి ఈ పిట్టలు దక్షిణానికి పోతాయట. వేలెడంత పక్షి తన రెక్కల మీదే సముద్రం దాటుతుందంటే నమ్మబుద్ధి కాకపోవడం వల్లే ఇలాంటి కథలు పుడతాయి. పెద్దబాతుల్లో చాలా భాగం అమెరికాలోనే ఆగిపోతాయి. హమ్మింగ్‌బర్డ్ వెళ్లే చోటికి అవి వెళ్లవు, అది వెళ్లే రోజుల్లోనూ వెళ్లవు.

నిజానికి జరిగేది ఈ రెండు కథలకూ తీసిపోదు. కొన్ని హమ్మింగ్‌బర్డ్‌లు సముద్రం దాటతాయి. కొన్ని కొండల వెంట వేల కిలోమీటర్లు వెళ్తాయి. కొన్ని ఎక్కడికీ వెళ్లకుండా రాత్రిపూట దాదాపు చచ్చినట్టు పడి ఉంటాయి. ఇంకొన్ని చలికాలంలో మరింత ఎత్తైన కొండలెక్కుతాయి. దారులు వేరైనా వీటన్నిటి వెనుకా ఉన్నది ఒకే లెక్క. ఒంట్లో ఉన్న ఇంధనం ఎంత, ఖర్చు ఎంత అన్నదే ఆ లెక్క.

తేనెపిట్ట వేరు, హమ్మింగ్‌బర్డ్ వేరు

మన తోటల్లో మందారం, దానిమ్మ పూల దగ్గర నీలిరంగులో మెరిసే తేనెపిట్టను చూసి హమ్మింగ్‌బర్డ్ అనుకునేవారు చాలామంది. రెండింటికీ పొడుగు ముక్కు ఉంటుంది, రెండూ పూల తేనె తాగుతాయి, రెండింటి ఈకలూ ఎండలో తళుక్కుమంటాయి. అయినా వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. తేనెపిట్టలు పిచ్చుకలు, కాకులు ఉన్న పెద్ద వర్గానికి చెందినవి. హమ్మింగ్‌బర్డ్‌లకు దగ్గరి బంధువులు స్విఫ్ట్ పక్షులు. పాత కట్టడాల్లో, వంతెనల కింద గూళ్లు కట్టుకుని, రోజంతా గాలిలోనే తిరిగే ఆ పక్షులు మన దగ్గరా ఉన్నాయి. పూల నుంచి తేనె తీయడం అనే పని ఒకటే కావడంతో రెండు వేర్వేరు వంశాలకు ఒకేలాంటి ముక్కు విడివిడిగా ఏర్పడింది. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ గాలిలో ఉన్నచోటే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. ఇక సాయంవేళ పూల ముందు గాలిలో నిలిచి తేనె తాగుతూ మనల్ని భ్రమపెట్టేది పక్షి కాదు, హాక్‌మాత్ అనే చిమ్మట.

ప్రకృతిలో హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో, వాటి చుట్టుపక్కల దీవుల్లో తప్ప మరెక్కడా లేవు. మొత్తం 360కి పైగా జాతులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం భూమధ్యరేఖకు దగ్గరగా, కొలంబియా, ఈక్వడార్, పెరూ వంటి దేశాల్లో ఉంటాయి. అక్కడ ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు పూస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ జాతుల్లో చాలావాటికి దూర ప్రయాణం అవసరమే లేదు. కొన్ని మాత్రం పూలను బట్టి కొండ మీదికీ కిందికీ మారుతుంటాయి. దూరం వెళ్లేవి ముఖ్యంగా వేసవిలో ఉత్తరాన గూడు కట్టే కొద్ది జాతులే. అమెరికా తూర్పు సగంలో గూడు కట్టే జాతి ఒక్కటే ఉంది. దాని పేరు రూబీ థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్. మగపక్షి గొంతు కెంపులా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. దాన్ని ఇక్కడ కెంపుగొంతు పిట్ట అందాం.

చలి కంటే ఆకలే పెద్ద ప్రమాదం

కెంపుగొంతు పిట్ట బరువు దాదాపు 3 గ్రాములు. అంటే ఇంచుమించు ఒక రూపాయి నాణెమంత. ఎగిరేటప్పుడు దాని రెక్కలు సెకనుకు సుమారు 50 సార్లు కొట్టుకుంటాయి. గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకోగలదు. గ్రాముకు ఇంత అని లెక్కకడితే, వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత వేగంగా శక్తిని ఖర్చుచేసేవి మరేవీ లేవు. ఇంత చిన్న శరీరానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చిన్న గిన్నెలో పోసిన టీ పెద్ద గిన్నెలోని టీ కంటే త్వరగా చల్లారినట్టు, చిన్న శరీరం వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. వేడిని నిలుపుకోవాలంటే మరింత ఇంధనం కావాలి.

ఆ ఇంధనం పూల తేనెలోని చక్కెర నుంచి వస్తుంది. మాంసకృత్తుల కోసం చిన్న దోమలను, ఈగలను, సాలీళ్లను పట్టి తింటుంది. ఉత్తరాన మంచు మొదలయ్యాక పూలు ఉండవు, పురుగులూ ఉండవు. ఖర్చు పెరిగే రోజుల్లోనే ఆదాయం ఆగిపోతుంది. చలిని మాత్రమే అయితే కొన్ని హమ్మింగ్‌బర్డ్‌లు తట్టుకోగలవు. తిండి లేని చలిని ఎక్కువ రోజులు తట్టుకోలేవు.

అయితే తిండి అయిపోయేదాకా ఈ పిట్ట ఆగదు. తోటల నిండా పూలున్న జులై చివర్లో, ఆగస్టులో మగపక్షులు బయల్దేరడం మొదలవుతుంది. తర్వాత ఆడపక్షులు, చివరగా ఆ ఏడాది పుట్టిన పిల్లలు కదులుతాయి. పగటి పొడవు తగ్గడమే వీటికి ముఖ్యమైన సంకేతం. అది శరీరంలోని హార్మోన్లను మారుస్తుంది. ఆకలి పెరుగుతుంది, కొవ్వు చేరడం మొదలవుతుంది. అందుకే పెరట్లో చక్కెర నీళ్ల సీసా ఉంచితే పిట్ట వలస మానేసి చలికి చచ్చిపోతుందన్న భయానికి ఆధారం లేదు. సీసా ఉన్నా లేకపోయినా సమయం వచ్చినప్పుడు అది వెళ్లిపోతుంది. ఆలస్యంగా ఉత్తరం నుంచి వచ్చే బక్కచిక్కిన పిట్టకు ఆ సీసా ఉపయోగపడుతుంది కూడా.

ఈ ప్రయాణంలో మరో విశేషం ఉంది. కెంపుగొంతు పిట్ట ఒంటరిగా వెళ్తుంది. పిల్లల పెంపకంలో తండ్రి పాత్రేమీ ఉండదు. తల్లి కూడా పిల్లలు ఎగరడం నేర్చాక కొద్ది రోజులకే వాటిని వదిలేస్తుంది. ఆగస్టులోనో సెప్టెంబరులోనో, పుట్టి రెండు మూడు నెలలైనా నిండని పిల్ల ఎప్పుడూ చూడని దారిలో ఎప్పుడూ చూడని దేశానికి బయల్దేరుతుంది. దారి చూపేవారు ఉండరు. ఎటు వెళ్లాలి, సుమారుగా ఎన్నాళ్లు వెళ్లాలి అన్నది వంశపారంపర్యంగా వస్తుంది. అది చేరే చోటు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న మధ్య అమెరికా. అడవుల అంచుల్లో, కంచెల వెంట, నిమ్మజాతి తోటల్లో అది చలికాలం గడుపుతుంది. కొద్ది పిట్టలు మాత్రం ఫ్లోరిడాలో, అమెరికా దక్షిణ తీరంలో ఆగిపోతాయి.

రెండు గ్రాముల కొవ్వుతో సముద్రం

దారిలో మెక్సికో సింధుశాఖ అడ్డం వస్తుంది. తీరం వెంట టెక్సాస్ మీదుగా చుట్టి వెళ్లే పిట్టలు చాలానే ఉన్నాయి. నేరుగా సముద్రం మీదుగా దాటేవీ ఉన్నాయి. అలా దాటాలంటే దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగరాలి. హైదరాబాదు నుంచి చెన్నైకి గాలిలో ఉన్న దూరానికి ఇది ఒకటిన్నర రెట్లు. కింద నీళ్లు తప్ప పువ్వు లేదు, కొమ్మ లేదు. సముద్రంలోని చమురు బావుల వేదికల మీద, చేపల పడవల మీద అలసిపోయి వాలిన పిట్టలను అక్కడ పనిచేసేవారు చూశారు.

ఇది అసలు సాధ్యమేనా అన్న అనుమానం శాస్త్రవేత్తలకూ వచ్చింది. అమెరికా జీవశాస్త్రవేత్త ఆలివర్ పియర్సన్ హమ్మింగ్‌బర్డ్‌లు గాలిలో ఉన్నప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచి, 1950లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ లెక్క ప్రకారం పిట్ట ఇంధనం సింధుశాఖ దాటకముందే అయిపోవాలి. కానీ పిట్టలు ప్రతి ఏడాదీ దాటుతూనే ఉన్నాయి. లెక్కలో ఎక్కడో లోపం ఉందన్నమాట.

1962లో రాబర్ట్ లాసియెవ్‌స్కీ ఆ లెక్కను మళ్లీ వేశాడు. ఎగరడానికయ్యే ఖర్చును జాగ్రత్తగా కొలిచాడు. వలసకు సిద్ధమైన పిట్ట ఒంట్లో నిజంగా ఎంత కొవ్వు ఉంటుందో చూస్తే అది దాదాపు 2 గ్రాములని తేలింది. వేసవిలో 3 గ్రాములుండే పిట్ట, బయల్దేరే ముందు 5 గ్రాములు దాటుతుంది. కొన్నిసార్లు బరువు దాదాపు రెట్టింపవుతుంది.

ఆ లెక్కను మనమూ వేసి చూడవచ్చు. ఒక గ్రాము కొవ్వు కరిగితే సుమారు 9 కిలోకేలరీల శక్తి వస్తుంది. 2 గ్రాములకు 18 కిలోకేలరీలు. ఎగురుతున్న పిట్టకు గంటకు అయ్యే ఖర్చు దాదాపు 0.7 కిలోకేలరీ. పద్దెనిమిదిని దానితో భాగిస్తే సుమారు 26 గంటలు వస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎగిరితే 1,000 కిలోమీటర్లు దాటుతుంది. సింధుశాఖ దాటడానికి కావాల్సింది 20 గంటలు. ఆ 20 గంటల్లో రెక్కలు సుమారు 36 లక్షల సార్లు కొట్టుకుంటాయి.

అంటే చేతిలో మిగులు ఉంటుంది, కానీ అది కొద్ది గంటలే. ఎదురుగాలి వీస్తే ఆ మిగులు కరిగిపోతుంది. వెనకనుంచి గాలి తోస్తే మిగులు పెరుగుతుంది. అందుకే తీరానికి వచ్చిన పిట్టలు వెంటనే సముద్రం మీదికి దూకవు. అలబామా తీరంలో వలస పిట్టలను పట్టి, తూచి, వదిలిన పరిశోధకులు ఒక తేడా గమనించారు. అంతకుముందు ఒక్కసారైనా ఈ దారిన వెళ్లివచ్చిన పెద్ద పిట్టలు ముందుగా తీరానికి చేరతాయి, ఎక్కువ కొవ్వుతో చేరతాయి, అక్కడ తక్కువ రోజులు ఆగుతాయి. తొలిసారి వచ్చిన పిల్ల పిట్టలు ఆలస్యంగా, తక్కువ కొవ్వుతో చేరతాయి.

చక్కెర ఉన్నదున్నట్టుగా ఒంట్లో నిలవ ఉండదా అన్న సందేహం రావచ్చు. గ్రాము చక్కెరలో సుమారు 4 కిలోకేలరీల శక్తే ఉంటుంది. పైగా శరీరం దాన్ని దాచుకునే రూపానికి చాలా నీటి బరువు కూడా తోడవుతుంది. ప్రతి మిల్లీగ్రాము బరువూ లెక్కలోకి వచ్చే ప్రయాణానికి అది పనికిరాదు. అందుకే పిట్ట పగలంతా తాగిన చక్కెరను కొవ్వుగా మార్చుకుంటుంది. పువ్వు దగ్గర ఉన్నప్పుడు అప్పుడే తాగిన చక్కెరతోనే ఎగురుతుంది, తిండి దొరకనప్పుడు కొవ్వు మీదికి మారుతుంది. ఇంత త్వరగా ఇంధనం మార్చుకోగల జంతువులు చాలా తక్కువ.

రాత్రిపూట పొదుపు

పగలు తాగినది రాత్రికి ఖర్చయిపోతే కొవ్వు ఎలా చేరుతుంది? ఇక్కడే సాహగున్ గ్రంథంలోని ముడుచుకుపోయే పిట్ట గుర్తుకొస్తుంది. హమ్మింగ్‌బర్డ్ చలికాలమంతా చెట్టుకు వేలాడదు కానీ, కొన్ని రాత్రులు నిజంగానే చచ్చినట్టు పడి ఉంటుంది. మామూలుగా 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే శరీర ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి చల్లదనానికి దగ్గరగా పడిపోతుంది. గుండె నిమిషానికి కొన్ని పదులసార్లు మాత్రమే కొట్టుకుంటుంది. ముట్టుకున్నా కదలదు. శాస్త్రవేత్తలు టార్పర్ అని పిలిచే ఈ జడనిద్రలో శక్తి ఖర్చు మామూలు కంటే 90 శాతానికి పైగా తగ్గగలదు. తెల్లవారేముందు కండరాలను వణికించి ఒళ్లు వేడి చేసుకుని మళ్లీ మేలుకుంటుంది.

జడనిద్ర ప్రమాదం లేని పని కాదు. ఆ సమయంలో శత్రువు వస్తే పిట్ట ఎగిరిపోలేదు. మరి అది ఏ రాత్రి అలా పడుకోవాలో ఎలా తేల్చుకుంటుంది? కెనడాలో కెంపుగొంతు పిట్టల మీద చేసి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి ఆసక్తికరమైన జవాబు ఇచ్చింది. గూడుకట్టే వేసవి రోజుల్లో, ఒంట్లోని కొవ్వు బరువులో దాదాపు 5 శాతానికి పడిపోయినప్పుడే పిట్ట జడనిద్రలోకి వెళ్తుంది. అప్పుడు అది ఆపద్ధర్మం. వలసకు ముందు బరువు పెరిగే రోజుల్లో మాత్రం, ఒంట్లో కొవ్వు పుష్కలంగా ఉన్నా జడనిద్రలోకి వెళ్తుంది. ఇల్లు గడవక చేసే పొదుపు ఒకటి, పెద్ద ఖర్చు ముందుందని తెలిసి చేసే పొదుపు ఇంకొకటి. ఈ పిట్ట రెండూ చేస్తుంది.

పూల వెంట కొండల దారి

అమెరికా పశ్చిమాన ఇటుకరంగు ఈకలున్న రూఫస్ హమ్మింగ్‌బర్డ్ ఉంటుంది. దీని పొడవు 8 సెంటీమీటర్లు. అలాస్కా దక్షిణ భాగం దాకా వెళ్లి గూడు కడుతుంది. హమ్మింగ్‌బర్డ్‌లలో అంత ఉత్తరాన గూడు కట్టే జాతి మరొకటి లేదు. చలికాలం ఎక్కువ భాగం మెక్సికోలో గడుపుతుంది. ఒకవైపు ప్రయాణమే 6,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శరీర పొడవుతో పోల్చి చూస్తే పక్షి ప్రపంచంలోని అతి దూర ప్రయాణాల్లో ఇది ఒకటి.

ఈ పిట్ట వెళ్లిన దారిన తిరిగి రాదు. వసంతంలో పసిఫిక్ తీరం వెంట ఉత్తరానికి వెళ్తుంది, ఎందుకంటే అప్పుడు తీరంలోని లోతట్టు నేలల్లో పూలు విరగబూస్తాయి. జులై, ఆగస్టుల్లో రాకీ పర్వతాల మీదుగా దక్షిణానికి దిగుతుంది, అప్పటికి మంచు కరిగి కొండ మైదానాలు పూలతో నిండుతాయి. దారిలో ఒక్కోచోట కొద్దిరోజులు ఆగి, కొంత పూలమడిని తనదిగా చేసుకుని, దగ్గరికొచ్చిన ప్రతి పిట్టనూ తరిమికొడుతుంది. కాలిఫోర్నియా కొండల్లో పరిశోధకులు ఇలాంటి మడుల్లో పిట్టలు వాలే పుల్లలకు త్రాసులు అమర్చి, ఏ పిట్టనూ పట్టుకోకుండానే రోజురోజుకూ బరువు తూచారు. పిట్ట తన మడి విస్తీర్ణాన్ని రోజూ కొద్దికొద్దిగా మార్చుకుంటుందని, బరువు వేగంగా పెరిగే పరిమాణానికి తెచ్చుకుంటుందని 1983లో ప్రచురించారు. మడి మరీ చిన్నదైతే తేనె చాలదు, మరీ పెద్దదైతే కాపలాకే శక్తి పోతుంది.

ఇంత చిన్న పక్షి ప్రయాణం ఎలా తెలిసింది? ఎక్కువగా కాలికి తొడిగే రింగు ద్వారానే. బియ్యపు గింజకన్నా చాలా తేలికైన అల్యూమినియం రింగు మీద సంఖ్య చెక్కి తొడుగుతారు. అదే పిట్ట మరోచోట దొరికితే దాని కథ కొంత తెలుస్తుంది. 2010 జనవరిలో ఫ్లోరిడాలోని టాలహాసీలో రింగు తొడిగిన ఒక రూఫస్ పిట్ట, అదే ఏడాది జూన్‌లో అలాస్కా తీరంలో దొరికింది. రెండు చోట్ల మధ్య దూరం 5,600 కిలోమీటర్లకు పైనే. మెక్సికోకు వెళ్లాల్సిన జాతి ఫ్లోరిడాలో కనిపిస్తే ఒకప్పుడు దారితప్పిన పిట్ట అనుకునేవారు. దారి తప్పిన పిట్ట ఐదు నెలల్లో అలాస్కా చేరదు. రూఫస్ పిట్టల్లో కొన్ని ఆగ్నేయ అమెరికాలో చలికాలం గడపడం ఇప్పుడు మామూలైంది. రింగుల వల్లే వయసు కూడా తెలిసింది. ఒక కెంపుగొంతు ఆడపిట్ట 9 ఏళ్లకు పైగా బతికింది. అంటే మూడు గ్రాముల శరీరంతో తొమ్మిదిసార్లు వెళ్లి వచ్చింది.

వెళ్లని పిట్ట, పైకెక్కే పిట్ట

పసిఫిక్ తీరంలోనే ఉండే అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ పెద్దగా ఎక్కడికీ వెళ్లదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇది దక్షిణ కాలిఫోర్నియా, దానికి ఆనుకుని ఉన్న మెక్సికో ప్రాంతాల్లోనే గూడు కట్టేది. తర్వాత ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్ చెట్లు చలికాలంలో పూయడం మొదలైంది. తోటల్లో విదేశీ పూలమొక్కలు పెరిగాయి, చక్కెర నీళ్ల సీసాలు వేలాడాయి. తిండి ఉన్నచోటల్లా ఈ పిట్ట నిలిచిపోయింది. ఇప్పుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూడా ఏడాది పొడవునా ఉంటుంది. దక్షిణాన డిసెంబరులోనే గూడు కట్టడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే రాత్రులను జడనిద్రతో గడుపుతుంది. చలి కన్నా తిండే ముఖ్యమన్న మాటకు ఇంతకన్నా మంచి రుజువు లేదు.

జడనిద్రలో అందరికన్నా లోతుకు వెళ్లేవి ఆండీస్ పర్వతాల పిట్టలు. పెరూలో సుమారు 3,800 మీటర్ల ఎత్తున బ్లాక్ మెటల్‌టెయిల్ అనే హమ్మింగ్‌బర్డ్ శరీర ఉష్ణోగ్రత ఒక రాత్రి 3.3 డిగ్రీలకు పడిపోయినట్టు 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. జడనిద్రలో ఉన్న ఏ పక్షిలోనూ అంతకుముందు ఇంత తక్కువ నమోదు కాలేదు. ఉదయానికి ఆ పిట్ట మామూలుగా ఎగిరిపోయింది.

దక్షిణార్ధగోళంలో శీతాకాలం మన వేసవి నెలల్లో వస్తుంది. అక్కడ చిలీ తీరంలో గూడుకట్టే జెయింట్ హమ్మింగ్‌బర్డ్ ఈ కుటుంబంలోకెల్లా పెద్దది. బరువు 20 గ్రాములకు పైన. చలి మొదలయ్యాక అది ఎక్కడికి పోతుందో చాలాకాలం తెలియలేదు. చిన్న పరికరాలు అమర్చి చూస్తే, అది పెరూ ఆండీస్‌కు వెళ్తోందని, దారిలో 4,000 మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కుతోందని తేలింది. రాకపోకలు కలిపి 8,000 కిలోమీటర్లకు పైనే. గాలి పలచబడే ఆ ఎత్తులకు ఒక్కసారిగా వెళ్లదు. పర్వతారోహకుల్లా మధ్యమధ్య కొన్నిరోజులు ఆగి, ఒంటిని అలవాటు చేసుకుంటూ ఎక్కుతుంది. ఈ పరిశోధనలోనే మరో సంగతి బయటపడింది. ఏడాది పొడవునా కొండమీదే ఉండే జెయింట్ హమ్మింగ్‌బర్డ్‌లు, వలస వచ్చేవి ఒకే జాతి కావు. చూడటానికి ఒకేలా ఉన్నా లక్షల ఏళ్ల క్రితమే విడిపోయిన రెండు జాతులని 2024లో ప్రచురించారు.

పువ్వు ముందే పూస్తే

ఇంత సన్నని మిగులు మీద నడిచే జీవితానికి పువ్వు పూసే తేదీ చాలా ముఖ్యం. కొలరాడో కొండల్లో గూడుకట్టే బ్రాడ్‌టెయిల్డ్ హమ్మింగ్‌బర్డ్ మధ్య అమెరికా నుంచి తిరిగి వచ్చేసరికి, మంచు అంచున పూసే గ్లేసియర్ లిల్లీలు దానికి తొలి ఆహారం. భూమి వేడెక్కుతున్నకొద్దీ మంచు త్వరగా కరుగుతోంది. 1970లతో పోలిస్తే ఆ లిల్లీలు సుమారు 17 రోజులు ముందుగా పూస్తున్నాయని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. పిట్ట రాక అంతగా ముందుకు జరగలేదు. కారణం ఊహించవచ్చు. దూరాన ఉన్న పిట్టను బయల్దేరదీసే పగటి పొడవు ఏ ఏడాదైనా ఒకటే. కొండమీద మంచు ఎప్పుడు కరిగిందో దానికి తెలిసే మార్గం లేదు.

రూఫస్ పిట్టల సంఖ్య గత అర్ధశతాబ్దంలో సగానికి పైగా తగ్గింది. 2018 నుంచి దాన్ని ముప్పుకు చేరువలో ఉన్న జాతుల జాబితాలో పెట్టారు. అలాస్కాలో గూడు, రాకీ పర్వతాల్లో మజిలీ, మెక్సికోలో చలికాలం. ఈ మూడింటిలో ఏ ఒక్కచోట పూలు కరువైనా మిగతా రెండుచోట్ల చేసిన రక్షణ వృథా అవుతుంది. పెరట్లో చక్కెర నీళ్లు పెట్టేవారు చేయగలిగిన పనులు చిన్నవే. ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు కలపాలి. రంగులు, తేనె కలపకూడదు. సీసాను తరచూ కడగాలి. స్థానికంగా పూసే మొక్కలు నాటడం అంతకన్నా మేలు.

చివరికి, ఈ ప్రశ్ననే అవతలి వైపు నుంచి అడగవచ్చు. కెంపుగొంతు పిట్ట ఉత్తరాన ఉండేది నాలుగైదు నెలలు. మిగతా ఏడాదిలో ఎక్కువ భాగం గ్వాటెమాలాలోనో నికరాగువాలోనో ఒక తోట అంచున గడుస్తుంది. అక్కడివారికి అది ఏటా వచ్చే పాత నేస్తం. దాని కుటుంబంలోని వందల జాతులు నివసించేది కూడా ఉష్ణమండలంలోనే. వాళ్లు అడగదగిన ప్రశ్న, వేసవిలో ఈ పిట్ట ఎక్కడికి పోతుంది అని. జవాబు మాత్రం మారదు. ఉత్తరాన వేసవి పగళ్లు పొడవు, పూలు, పురుగులు సమృద్ధి, తేనె కోసం పోటీపడే ఇతర హమ్మింగ్‌బర్డ్‌లు తక్కువ. రెండు పిల్లలను పెంచి పెద్దచేయడానికి సరిపడా ఆదాయం ఆ కొద్ది నెలలు అక్కడ దొరుకుతుంది. అది ముగిసే సూచన పగటి పొడవులో కనిపించగానే, రెండు గ్రాముల కొవ్వు మూటగట్టుకుని పిట్ట మళ్లీ బయల్దేరుతుంది.